కుడి తుంటికి ఎడమ చేతి కర్ర

కోరుట్లలో ఎవరి కర్ర ఏ చేతిలో ఉండాలో, ఆ కర్ర పట్టుకున్న మనిషికి తప్ప తక్కిన అందరికీ తెలుసు.

నాగవ్వకు నొప్పి కుడి తుంటిలో. కర్ర ఎడమ చేతిలో. ఈ రెండూ కలిసి చూసేవాళ్ల కళ్లలో నలుసులా పడేవి. పాలాయన బండి ఆపి చెప్పాడు. కూరగాయలామె తక్కెడ దించి చెప్పింది. ఎదురింటి ముసలాయనకు చూపు సగం పోయింది, సొంత కోడలిని గొంతును బట్టి గుర్తుపడతాడు. అతను కూడా అరుగు మీదినుంచే కనిపెట్టి, "నాగవ్వా, కట్టె ఉల్టా పట్టినవ్" అన్నాడు.

మొదట్లో నాగవ్వ ఆగి ఒక్కొక్కరికీ విడమరచి చెప్పేది. ఆగి నిలబడితే తుంటికి నొప్పి, చెబితే నోటికి నొప్పి. విన్నవాళ్లు ఓపికగా తలూపి, అంతా అయ్యాక, సరే గానీ కుడి చేతికి మార్చుకొమ్మనేవారు. అందుకని ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. జనం ఉన్న చోట కర్ర కుడి చేతిలో, జనం లేని చోట ఎడమ చేతిలో. కోరుట్లలో జనం లేని చోటు దొరకడం కష్టం కనుక, కర్ర చాలావరకు ఊరివాళ్లకు నచ్చిన చేతిలోనే ఉండేది. నొప్పి మాత్రం ఆమె ఒక్కదానికే ఉండేది.

కర్ర రాకముందు ఆమెకు ఎర్రయ్య సూది ఉండేది. ఎర్రయ్య డాక్టరు చదువు చదివినవాడు కాదు, ఆర్‌ఎంపీ. పిలిస్తే బండి మీద వచ్చి, నొప్పి ఎక్కడో చెప్పడం పూర్తయ్యేలోగా సూది వేసి, చాయ్ తాగి వెళ్లేవాడు. సూది పడ్డ గంటకల్లా నాగవ్వ పసుపు చేనులో ఉండేది. సూది లేని రోజుల్లో మందుల షాపు పొట్లం. అందులో తెల్లది ఒకటి, ఆకుపచ్చది ఒకటి, గులాబీది సగం. వాటి పేర్లు ఆమె ఎన్నడూ అడగలేదు. రంగు తెలిస్తే చాలుననుకుంది. పొరుగింట్లో ఎవరికైనా నడుము పట్టేస్తే ఆకుపచ్చది చేబదులు కూడా ఇచ్చేది.

అట్లా ఏళ్లు గడిచాక పాదాలు ఉబ్బాయి. భర్త రాజన్న ఆమెను జగిత్యాల తీసుకుపోయాడు. డాక్టరు రక్తం రిపోర్టు చూసి, ఏమేం గోలీలు వాడుతున్నావని అడిగాడు. నాగవ్వ పొట్లం విప్పి, పెళ్లివారి ముందు నగలు పరిచినట్టు బల్ల మీద పరిచింది. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశాడు. తుంటి కీలు అరిగిన మాట నిజమేనని, అరిగిన తుంటితో మనిషి బతకవచ్చునని, కానీ ఈ సూదులూ గోలీలూ కిడ్నీలను తింటున్నాయని చెప్పాడు. ఈ జాతి నొప్పి మందు ఏ రంగులో ఉన్నా ఇక ముట్టకూడదు. ఓర్చుకోలేని రోజు పారాసిటమాల్, అదీ తాను రాసిన మేరకే. అప్పటికీ కాకపోతే ఆపరేషన్ సంగతి తరువాత ఆలోచిద్దామన్నాడు.

కిడ్నీల మాటకు రాజన్న ముఖం పాలిపోయింది. నాగవ్వకు మాత్రం ఆ పారాసిటమాల్ దగ్గరే మనసు చివుక్కుమంది. ఇన్నేళ్ల నొప్పికి జ్వరం గోలీనా అని.

డాక్టరు పంపితే రెండు సందుల అవతల కృపారాణి దగ్గరకు వెళ్లారు. కొడిమ్యాల పిల్ల, ఫిజియోథెరపీ చదివింది. నాగవ్వను గది ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడిపించి చూసింది గానీ మందేమీ ఇవ్వలేదు. నేల మీద కూర్చోవద్దంది. ఎక్కడ కూర్చున్నా మోకాళ్లకంటే తుంటి ఎత్తులో ఉండాలంది. పొద్దున వేడినీళ్ల సంచితో కాపడం, మంచం మీద పడుకుని కాళ్ల కసరత్తు, రోజూ కొంత నడక, రాత్రి పూట అన్నం కొంత తక్కువ. ఇవన్నీ చెప్పి మూలనున్న కర్ర తెచ్చి నాగవ్వ ఎడమ చేతికి ఇచ్చింది.

"బిడ్డా, నొప్పి గీ దిక్కు," అంది నాగవ్వ, పిల్ల పొరపాటును పెద్దమనసుతో దిద్దుతున్నట్టు.

"అందుకే అమ్మా. నడిచేటప్పుడు కుడి కాలుతోని ఎడమ చెయ్యి ముందటికొస్తది, సూడుండ్రి. కుడి కాలు మీద బరువు పడ్డప్పుడు గీ కట్టె కొంత మోస్తది. కుడి చేతిల పట్టుకుంటే మీరు మళ్ల నొప్పి దిక్కే ఒరుగుతరు."

నాగవ్వ గది చివరిదాకా వెళ్లి వచ్చింది. పిల్ల చెప్పింది నిజమే. అయితే ఆ నిజం జగిత్యాలలో ఆ ఒక్క గదిలోనే చెల్లుతుందని, గడప దాటాక తెలిసింది.

రాజన్న చాలాకాలం దుబాయిలో కట్టడాల దగ్గర ఫోర్‌మన్‌గా పనిచేసి వచ్చిన మనిషి. చాన్నాళ్ల తరువాత ఆయనకు మళ్లీ ఒక పని దొరికింది. ఇంటికి రాగానే టేపు తీసి నాగవ్వ పాదం నుంచి మోకాలిదాకా కొలిచాడు. ఇంట్లో ఉన్న కుర్చీలన్నీ కొలిచి, పొట్టివాటిని అటక ఎక్కించాడు. మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టాడు. పొద్దున కసరత్తు వేళ పక్కన నిలబడి, కూలీలను అదిలించిన అలవాటు కొద్దీ "ఉఠావ్, ఉఠావ్" అనేవాడు. కాలు ఎత్తితే ముందు తగిలేది నీకేనని నాగవ్వ చెప్పాక తెలుగులోకి దిగాడు.

ఏమైతేనేం, వానలు పోయి చలి మొదలయ్యేసరికి గుణం కనిపించింది. నొప్పి పోలేదు. కానీ ఎప్పుడు వస్తుందో, దేనికి వస్తుందో, వస్తే ఏం చెయ్యాలో నాగవ్వకు తెలిసింది. ఎత్తు కుర్చీలో కూర్చుని కూర తరిగేది. పాదాల ఉబ్బు తీసింది. జ్వరం గోలీకి కూడా కాస్త మర్యాద ఇవ్వడం మొదలుపెట్టింది.

అప్పుడు సిరిసిల్ల నుంచి తమ్ముడు పోచయ్య ఫోన్ చేశాడు. అది ఆమెకు ఒడిబియ్యం పోయవలసిన ఏడు. మూడేళ్లకొకసారి పుట్టింటివాళ్లు ఆడబిడ్డను పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, కొత్త చీర కొంగులో పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు పోసి పంపుతారు. అమ్మానాన్నలు పోయాక ఆ బాధ్యత పోచయ్యది. అతనికి మరమగ్గాల షెడ్డు ఉంది. సిరిసిల్లలో వాటిని సాంచాలంటారు. వాటి మోతలో చెవులు సగం పోగొట్టుకున్నాడు కనుక ఫోన్ స్పీకర్ మీదే పెట్టి, ఫోన్ అక్కరలేనంత గట్టిగా మాట్లాడతాడు. అందువల్ల వెనక నుంచి అతని భార్య బాలమణి అంటున్నది కూడా నాగవ్వకు వినిపించింది.

"వదినెకు కింద కూసునుడు కాదాయె. ఎందుకు తిప్పల? చీరె, బియ్యం మూటగట్టి బస్సుల పార్సిల్ ఏద్దాం."

బాలమణి చెడ్డది కాదు. ఏ పనికైనా దగ్గర దారి వెతికే మనిషి, అంతే. కానీ ఈ దారి ఎక్కడికి పోతుందో నాగవ్వకు తెలుసు. ఒకసారి పార్సిల్‌లో వచ్చిన ఒడిబియ్యం మళ్లీ మనుషుల చేతుల మీదుగా రావు. మూడేళ్లకూ పార్సిలే. ఆ తరువాత అదీ మరిచిపోతారు. తల్లి లేని పుట్టింట్లో ఆడబిడ్డ కాలు పెట్టడానికి మిగిలిన సాకు ఇదొక్కటే.

"నేనే అస్త తమ్మీ," అంది. "పీట మీదనే కూసుంట."

ఫోన్ పెట్టేసి, పీట తీసి, కూర్చుని చూసింది. కూర్చోవడం దానంతటదే జరిగిపోయింది. లేవడమే జరగలేదు. బస్తా లేపడానికి ఒక పద్ధతి ఉందంటూ రాజన్న చంకల కింద చేతులు వేశాడు. పద్ధతి ప్రకారం ఇద్దరూ వెళ్లి మంచం మీద పడ్డారు. అక్కడ ఊపిరి తీసుకుంటుంటే నాగవ్వకు రెండో సంగతి తట్టింది. బియ్యం పోశాక నిండు ఒడిని రెండు చేతులా పట్టుకుని, ఎక్కడా దించకుండా వాకిలి దాటాలి. మరి కర్ర ఎవరు పట్టుకోవాలి?

ఆ ఒక్కరోజుకు ఎర్రయ్యను పిలుద్దామా అన్నాడు రాజన్న. నాగవ్వకు కోపం రాలేదు. తన నోటి చివర ఉన్న మాటే అది. ఆ మాట అక్కడే వదిలేసి కృపారాణికి ఫోన్ చేసింది. పిల్ల అంతా విని, పీటతో తనకేమీ తగాదా లేదని, అది ఎంత ఎత్తులో ఉంటుందన్నదే సంగతని చెప్పింది. కర్ర విషయం మాత్రం ఆమెకూ తోచలేదు.

ఒడిబియ్యం రోజు పొద్దున డాక్టరు రాసిన జ్వరం గోలీ వేసుకుని నాగవ్వ రాజన్నతో కలిసి బయలుదేరింది. వేములవాడ మీదుగా పోయే బస్సు నిండా ఆడవాళ్లు. కర్ర చూసి జరిగి చోటిచ్చారు, చోటిచ్చిన హక్కుతో సలహాలూ ఇచ్చారు. ఒకామె వావిలాకు నీళ్లు పోసుకొమ్మంది. ఒకామె వేయించిన ఇసుక మూట చెప్పింది. ఒకామె ఏకంగా సంచిలోంచి ఆకుపచ్చ గోలీ తీసింది. ఆఖరున అందరూ ఏకమై కర్రను కుడి చేతిలో పెట్టారు. వేములవాడలో సగం బస్సు దిగిపోయినా కర్ర అక్కడే ఉండిపోయింది.

ఆ కుడి చేతి కర్రతోనే ఆమె తమ్ముడి గేటు ముందు ఆటో దిగింది. ఇరుసు విరిగిన బండిలా ఒక పక్కకు ఒరుగుతూ వాకిట్లోకి నడిచింది. గేటు దగ్గరున్న బాలమణి ముఖంలో జాలి కనబడింది. జాలి వెనకే, నేను ముందే అన్నాను కదా అన్న తృప్తి కూడా కనబడింది. బాలమణి కుర్చీ వేసి, నీళ్లిచ్చి, ఇప్పటికైనా మించిపోలేదని మెల్లగా మొదలుపెట్టింది. బొట్టు పెట్టి చీర చేతికిస్తుందట. బియ్యం ఆటోలో పెట్టిస్తుందట. మనసులో ఉంటే చాలునట.

నాగవ్వకు తన మీద తనకే మండింది. దారినపోయేవాళ్లను మెప్పించడానికి, ఎక్కడ సరిగ్గా నడవాలో అక్కడే కుంటింది. లేచి కర్ర ఎడమ చేతికి తీసుకుని, వాకిలి చివర సాంచాల షెడ్డుదాకా వెళ్లి తిరిగి వచ్చింది. కుంటు పోలేదు గానీ ఒరగడం పోయింది.

"కట్టె ఉల్టా పట్టినవ్ వదినె," అంది బాలమణి.

"నా తుంటి, నా కట్టె," అంది నాగవ్వ. "పీట తియ్యి."

పీట వచ్చింది. బాలమణి దాన్ని తూర్పు ముఖంగా నేల మీద పెట్టింది. అది ఎత్తు కావాలని నాగవ్వ, ఎన్నడూ లేదని బాలమణి. కుర్చీలో కూర్చోబెట్టి పోస్తే అది ఒడిబియ్యంలా ఉండదని, బస్టాండులో కూర్చున్నట్టుంటుందని ఆమె వాదన. రాజన్న ఎవరూ అడగకుండానే టేపు తీసి పీటను కొలిచి, తల అడ్డంగా ఊపాడు. పోచయ్య ముగ్గురినీ మార్చి మార్చి చూసి, షెడ్డులోకి పోయి, బడిపిల్లల యూనిఫారం బట్ట తానులు చెరో చంకలో పెట్టుకుని వచ్చి నేల మీద పడేశాడు. మళ్లీ పోయి ఇంకో రెండు తెచ్చాడు.

"పీట బట్ట మీదుంటది. బట్ట నేల మీదుంటది," అన్నాడు, పక్క సందుకు కూడా వినబడేలా. "మరి పీట ఏడున్నట్టు?"

బాలమణి ఆలోచించింది. తప్పు ఎక్కడో ఉందని తెలుసు గానీ దొరకలేదు. అమ్మే సరుకు మీద కూర్చుంటారా అని ఒక మాట మాత్రం అని, తానుల మీద కొత్త చాప తెచ్చి పరిచింది. రాజన్నకు ఇక పట్టపగ్గాలు లేవు. తానులను ఇటుక కట్టుబడిలా ఒక వరుస అడ్డంగా, ఒక వరుస నిలువుగా పేర్పించి, కొలిచి, ఇంకొకటి వేయించాడు. కదులుతుందేమో చూడాలని తానే పీట ఎక్కి కూర్చుని అటూ ఇటూ ఊగాడు.

బియ్యం పోయడానికి పిలిచిన ఐదుగురు ముత్తైదువలు సరిగ్గా అప్పుడే లోపలికి వచ్చారు. వాళ్లలో పెద్దామె తిరుమల గడపలోనే ఆగిపోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏందన్నా, గీసారి ఒడి నీదా?"

రాజన్న దిగి, టేపు జేబులో వేసుకుని, సాంచాలు చూసివస్తానని వెళ్లిపోయాడు.

నాగవ్వ కూర్చుంది. తుంటి ఒక్క మాట అనలేదు. కొత్త చీర కొంగు ఒడిలో పరుచుకుని తలెత్తి చూస్తే ఐదుగురూ వరసలో నిలబడి, తమ తమ నడుములకు ధైర్యం చెప్పుకుంటున్నారు. అందరూ పొద్దస్తమానం చాట ముందు కూర్చుని బీడీలు చుట్టేవాళ్లే. మోకాళ్లు ఒకామెవి, నడుము ఒకామెది, మెడ ఇంకొకామెది. నేల మీద కూర్చున్న మనిషి ఒడిలోకి మళ్లీ మళ్లీ వంగి దోసిళ్లు పోయడమంటే వాళ్లకు ఆ రాత్రికి నిద్ర ఉండదు. తిరుమల అలవాటు కొద్దీ దోసిలి నింపుకుని, వంగబోతూ మూలగడానికి నోరు తెరిచింది. ఒడి నడుమెత్తులో ఉంది. వంగే పని లేక, నోరు అట్లాగే మూసుకుంది.

"గిన్నేండ్లల్ల గింత సుకంగ ఎన్నడు పొయ్యలే," అంది రెండో దోసిలి దగ్గర.

ఆ మాట వరస చివరిదాకా పాకింది. అందరికంటే ఆఖరున బియ్యం పోసిన బాలమణి మోకాళ్లు కూడా ఆ రోజు చప్పుడు చేయలేదు.

ఒడి నిండింది. ఇక లేవాలి. లేవడం కూడా ఎత్తు మీదినుంచి కనుక సాగింది. లేచి నిలబడి, రెండు చేతులా బియ్యం పట్టుకుని ఒక్క అడుగు వేసిందో లేదో, కుడి తుంటిలో కత్తి తిప్పినట్టయింది. గోడకు ఆనుకుంది. వాకిలి, దాని అవతల గేటు, ఎన్నడూ లేనంత దూరంగా కనబడ్డాయి.

బాలమణి గబగబా లోపలికి పోయి మంచినీళ్లూ, అరచేతిలో ఒక గోలీ పట్టుకుని వచ్చింది. మోకాళ్ల కోసం తాను రోజూ వేసుకునేదేనట.

"ఒక్కటి మింగు వదినె. జరసేపు కూసుంటే పట్టుకుంటది. గేటు దాకా నడిస్తవు, గంతే గదా. ఒక్కటితోని ఏమైతది?"

అది ఆకుపచ్చదే. నాగవ్వకు దాని రుచి కూడా గుర్తుంది. అది మింగి కాసేపు కూర్చుంటే తాను వధువులా నడుచుకుంటూ గేటు దాటగలదు, బాలమణి నోరు ఎప్పటికీ మూతపడుతుంది. ఐదుగురు ముత్తైదువలూ ఆమె నోటినే చూస్తున్నారు. నోరూరిందంటే అబద్ధం కాదు.

"వద్దు బాలమణీ," అంది. "గిది మింగుకుంట వస్తె, మూడేండ్లకు మీరు నా ఫోటోకు పొయ్యాలె బియ్యం."

బాలమణి అరచెయ్యి మెల్లగా ముడుచుకుంది.

నాగవ్వ గోడకు ఆనుకునే కొంగు రెండు కొసలూ దగ్గరికి లాగింది. పెళ్లయిన కొత్తలో ఎన్ని చేలల్లో పత్తి ఏరిందో ఆమెకే లెక్క లేదు. పత్తి ఏరే ఆడది ఒడిని చేత్తో పట్టుకుంటే ఏరేదెవరు? కొసలను మెలితిప్పి, నడుము చుట్టూ తెచ్చి, వెనక ముడి బిగించింది. బియ్యం కుడుకలతో సహా మూటలా నిలిచింది. రెండు చేతులూ ఖాళీ. బరువు ఎడమ పక్కకు జరిపి చూసింది, తుంటి అరిచింది. కుడి పక్కకు జరిపింది, ఊరుకుంది. ఎందుకో ఆమెకు తెలియదు, అడగడానికి కృపారాణి అక్కడ లేదు. కుడి పక్కనే ఉంచి, ఎడమ చేత్తో కర్ర అందుకుంది.

"గదేంది వదినె, పత్తి చేన్లకు పోయినట్టు," అంది బాలమణి నీరసంగా.

"పత్తి ఏరినప్పుడు గూడ ఒళ్లె లచ్చిమే ఉంటది," అంది తిరుమల, నాగవ్వ కంటే ముందు.

నాగవ్వ నడిచింది. గడప దగ్గర చిటికెడు బియ్యం వదలాలి. వంగలేక నిలబడే వదిలింది. గింజలు ఎగిరి వాకిట్లోకి చిందితే, పక్కింటి కోళ్లు పరుగున వచ్చి ఆమె ముందు ముందు నడిచాయి. వాకిలి నడుమ ఒకసారి ఆగింది. సాంచాల షెడ్డు దగ్గర రాజన్న గొంతు సవరించుకుని, అలవాటైన "ఉఠావ్" నోటిదాకా వస్తే మింగేశాడు. నొప్పి వచ్చి, కాసేపు ఉండి, కాస్త తగ్గింది. మళ్లీ నడిచి గేటు దాటింది. మూటలోంచి ఒక్క గింజ జారలేదు.

తంతు ముగిసి అందరూ మళ్లీ లోపలికి వచ్చాక, భోజనాల వేళ పోచయ్య తానులు తీసుకుపోవడానికి వచ్చాడు. సాయంత్రం సరుకు వేసుకుపోయే ఆటో వస్తుందట. తానుల మీద తిరుమల కూర్చుని పళ్లెం ఒళ్లో పెట్టుకుని తింటోంది. ఆమె అయ్యాక ఇంకొకామె ఎక్కింది. అట్లా ఐదుగురూ అయ్యాక, వడ్డన ముగించుకున్న బాలమణి ఎవరూ చూడటం లేదనుకుని తానూ ఎక్కి కూర్చుంది. కూర్చున్నాక ఒక నిట్టూర్పు వచ్చింది, అది అందరూ విన్నారు.

జగిత్యాలలో ఆ కర్ర ఇచ్చిన పిల్ల ఎక్కడ ఉంటుందని ఆమె నాగవ్వను అడిగింది, ఎవరికోసమో అడుగుతున్నట్టు. నాగవ్వ గుర్తులు చెప్పి, దానికంటే ముందు డాక్టరుకు ఆ గోలీలు చూపించి రక్తం పరీక్ష చేయించుకొమ్మంది. బాలమణి ఊకొట్టింది. పోచయ్య ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.

"నిలవడి ఏం జూస్తున్నవ్?" అంది బాలమణి దిగకుండానే. "మూడేండ్లకు ఇంకో వరుస ఎక్కువ పెట్టు. వదినె పక్కన నేను గూడ కూసుంట."

పోచయ్య ఆటో వచ్చేసరికి తానులు దొరుకుతాయా లేదా అని మాత్రం అడిగాడు. నాగవ్వ పెరుగన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, ఎవరైనా బాలమణి మాటను వెనక్కి తీసుకుంటారేమోనని, మూడేండ్లకు తప్పక అస్తనని గట్టిగా చెప్పింది.